పద్నాలుగో పాఠం

1962 జూన్ 18, సోమవారం

ఉద్యోగంలో చేరాను. చల్లపల్లి దాకా ఒక బస్సు, అక్కణ్ణించి అవనిగడ్డ బస్సు, దిగాక కాలవ గట్టు మీద రెండు మైళ్ళ నడక. ట్రంకుపెట్టె ఎవరో సైకిలు వెనక కట్టుకుని తెచ్చిపెట్టారు. బిస్కెట్ల డబ్బా మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. వేసవిలో బందరులో పది రోజులు మాకు కొత్త పద్ధతి ఇంగ్లీషు నేర్పినప్పుడు పోగుచేసుకున్న సామానంతా అందులోనే ఉంది. రబ్బరు బంతి, దువ్వెన, తాళంచెవి, బొంగరం, గాజు, ఒక నిమ్మకాయ. నిమ్మకాయ వారానికోసారి మార్చాలి.

హెడ్మాస్టరు పిచ్చేశ్వరరావు గారు యాభై దాటిన మనిషి. ఇంతకాలం ఆరో తరగతి ఇంగ్లీషు ఆయనే చెప్పేవారట. “చూద్దామమ్మా మీ కొత్త పద్ధతి. వ్యాకరణం చెప్పకుండా ఇంగ్లీషు ఎట్లా వస్తుందో నాకూ చూడాలనే ఉంది” అన్నారు. ఎగతాళో నిజమో తెలియలేదు. హాజరుపట్టీ టేబుల్ మీద పెట్టారు. తీసుకున్నాను.

సెప్టెంబరులో డిప్యూటీ ఇన్‌స్పెక్టరు గారు వచ్చి నా పాఠం చూస్తారట. బాగుందంటే నన్ను ఖాయం చేస్తారు. లేదంటే ఇంగ్లీషు మళ్ళీ హెడ్మాస్టరు గారికి, నాకు మా ఊరు గూడూరు బస్సు. నాన్న ఊళ్ళో అందరికీ చెప్పేసుకున్నారు, మా ప్రేమమ్మ ఇంగ్లీషు టీచరని. ఆయన మొహం చూడలేను.

పేటలో చర్చి పక్కనే దేవమ్మ గారింట్లో ఒక గది ఇచ్చారు. ఆవిడ మనవరాలు కరుణమ్మ నా తరగతే. దేవమ్మ గారు కూర బాగా చేస్తారు, మాటలు అంతకంటే బాగా చెబుతారు.

జూన్ 19

పద్దెనిమిది మంది పిల్లలు. ఆరుగురు ఆడపిల్లలు. మొదటి బెంచీలో చివర సుగుణ. బడికి స్థలం ఇచ్చిన ఆసామి మనవరాలు. ఆయన పోయారు. నాయనమ్మ సీతామహాలక్ష్మి గారు ఇప్పుడు బడి కమిటీలో ఉన్నారు. ఈ పిల్లకి రెండు జడలు, ఒక్క క్షణం ఊరుకోని నోరు. కొత్త పద్ధతికి ఇలాంటి నోరే కావాలి.

బందరులో మాకు చెప్పింది ఒక్కటే. చెయ్యకుండా ఏదీ చెప్పొద్దు, చేసింది చెప్పకుండా వదలొద్దు. నేను తలుపు దగ్గరికి నడుస్తూ ‘ఐ యామ్ వాకింగ్ టు ద డోర్’ అనాలి. పిల్లలు నన్ను చూసి ‘షి ఈజ్ వాకింగ్ టు ద డోర్’ అనాలి. తెలుగు ముక్క దొర్లకూడదు. అలా నడిచీ నడిచీ కాళ్ళు లాగేస్తున్నాయి. కిటికీ దగ్గర ఏడో తరగతి మొత్తం పోగయింది.

జూన్ 21

గొంతు పోయింది. దేవమ్మ గారు మిరియాల పాలు ఇచ్చారు.

జూన్ 29, శుక్రవారం

‘పుట్ ఇట్ ఆన్ ద టేబుల్’ వచ్చేసింది! మూడు రోజులు పట్టింది. మొదట ఎవరూ నోట్లోంచి ‘పుట్’ ముందు రానివ్వలేదు. ‘టేబుల్ ఆన్ ఇట్ పుట్’ అన్నారు. వాళ్ళ తప్పేముంది? మనం ముందు దేన్నో, ఎక్కడో, ఎవరికో అన్నీ చెప్పుకుని ఆఖర్న గానీ పని చెప్పం. ఇంగ్లీషువాడు ముందే పని మొదలుపెట్టేస్తాడు. ఇవ్వు అనేస్తాడు. ఏమిటో ఆ తర్వాత, ఎవరికో ఆఖరికి. ఇచ్చేది ఎవరికో తెలియకుండా ఇవ్వడం ఎలాగో నాకూ మొదట్లో మింగుడు పడలేదు.

ఇవాళ వరస బాగా కుదిరింది. నేను బంతి టేబుల్ మీద పెడతాను. పిలిచిన పిల్ల వచ్చి టేబుల్ మీంచి తీసుకుంటుంది, డబ్బాలో వేస్తుంది, మళ్ళీ తీసి టేబుల్ మీద పెడుతుంది. నేను టేబుల్ మీంచి తీసుకుంటాను. అందరూ ఒక్క గొంతుతో చెప్పారు. సుగుణ అయితే పిలవకముందే లేచి నిలబడుతోంది.

హెడ్మాస్టరు గారు ద్వారం దగ్గర నిలబడి విన్నారు. “పిక్ ఇట్ అప్ అంటున్నారు గదా. ఆ ఇట్ మధ్యలో ఎందుకు దూరిందమ్మా? పిక్ అప్ ఇట్ అంటే ఏం?” అని అడిగారు.

“అలాగే అంటారండి.”

“అలాగే అంటే ఎలాగమ్మా? దానికో సూత్రం ఉండాలి గదా!”

“వంగి తియ్యండి, తెలుస్తుందండి” అన్నాను. అన్నాక భయం వేసింది. ఆయన నవ్వారు. నిజంగా వంగి సుద్దముక్క తీసి చూసుకున్నారు పాపం.

జులై 12, గురువారం

పదమూడో పాఠం అయిపోయింది. పిల్లలు నేననుకున్నదానికంటే చురుగ్గా ఉన్నారు.

పద్నాలుగో పాఠం ‘గివ్ ఇట్ టు మి, టేక్ ఇట్ ఫ్రమ్ హిమ్’. పదిహేను ముందు చేసి తర్వాత ఇది చేద్దామనుకుంటున్నాను. పిల్లలకి ఆన్, ఇన్, అండర్ ఇంకా గట్టిపడాలి. రెండు వరసలు కలిస్తే గందరగోళం అవుతుంది. ఇది నేను బాగా ఆలోచించే నిర్ణయించుకున్నాను.

జులై 13

పదిహేనో పాఠం. బాగా వచ్చింది.

జులై 19

పదహారు. ఇదీ బాగా వచ్చింది. ఆన్, ఇన్, అండర్ ఇంకా గట్టిపడాలి.

జులై 24, మంగళవారం

తెల్లారి నుంచి ఒకటే వాన. ఊడ్పులకని సగం మంది రాలేదు. వచ్చినవాళ్ళు మోకాళ్ళ దాకా బురదతో వచ్చారు. హెడ్మాస్టరు గారు నా పాఠాల పుస్తకం తిరగేశారు.

“పదమూడు ఉంది, పదిహేను ఉంది. పద్నాలుగు ఎక్కడ పోయిందమ్మా, వరదలో గానీ కొట్టుకుపోయిందా?”

“వచ్చే వారం చేస్తానండి.”

పుస్తకం టేబుల్ మీద పెట్టి వెళ్ళారు.

జులై 30, సోమవారం

రాయకూడదనుకున్నాను గానీ రాయకపోతే నిద్ర పట్టేట్టు లేదు.

మధ్యాహ్నం బెల్లు కాగానే సుగుణ నా దగ్గరికొచ్చింది. చేతిలో పెద్ద జామకాయ, దోరగా పండింది. నాకోసమే తెచ్చానంది. రెండడుగుల దూరంలో ఆగింది. నా మొహం వంక చూసింది. జామకాయ టేబుల్ మీద పెట్టింది. “ఐ యామ్ పుటింగ్ ఇట్ ఆన్ ద టేబుల్, టీచర్” అని చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది.

పదకొండేళ్ళ పిల్ల! ఎవరూ చెప్పకుండానే ఎంత నేర్పుగా చేసింది. ఇంట్లో నేర్పే ఉంటారు. నాయనమ్మ దగ్గర ఉగ్గుపాలతో నేర్చుకునే ఉంటుంది. టీచరమ్మకి పండు ఇవ్వు గానీ చేతికి ఇవ్వకు అని. నేను నవ్వి “థాంక్యూ” అన్నాను. టేబుల్ మీంచి తీసుకున్నాను. సగం దేవమ్మ గారికి పెట్టాను. నా సగం చేదుగా ఉంది. దేవమ్మ గారేమో తేనెలా ఉందన్నారు.

ఆ పిల్లంటే నాకు ప్రాణం. అందుకే ఇంత కోపం.

ఆగస్టు 6, సోమవారం

అవనిగడ్డ నుంచి కాగితం వచ్చింది. సెప్టెంబరు 12, బుధవారం డిప్యూటీ గారి రాక. అన్ని బళ్ళలోనూ ఒకే పాఠం చూస్తారట. పద్నాలుగు.

వచ్చిన కాగితం మళ్ళీ చదివాను. పద్నాలుగే.

ఆగస్టు 8

ఉపాయం తట్టింది. ‘నాకు ఇవ్వు’ అన్నప్పుడు పేట పిల్లల్నే పిలుస్తాను. కరుణమ్మ, ఇంకో ముగ్గురు ఉన్నారు. తక్కిన పిల్లలు వాళ్ళలో వాళ్ళు ఇచ్చుకుంటారు. ఆటలో బంతి అందరూ పట్టుకుంటూనే ఉంటారు గదా. ఎవరికీ ఇబ్బంది లేదు, పాఠమూ పూర్తవుతుంది. ఈ మాత్రం ముందే తట్టనందుకు నన్ను నేనే తిట్టుకున్నాను.

ఆగస్టు 9, గురువారం

కరుణమ్మని పిలిచాను. చేతికి దువ్వెన అందించలేదు, టేబుల్ మీంచి తీసుకోమన్నాను. తీసుకుంది. “గివ్ ఇట్ టు మి” అన్నాను. తీసుకెళ్ళి టేబుల్ మీద పెట్టింది.

మళ్ళీ చెప్పాను. మళ్ళీ టేబుల్ మీదే, ఈసారి నాకు కాస్త దగ్గరగా పెట్టింది. మూడోసారి గొంతు పెంచాను. ఆ పిల్ల కళ్ళనిండా నీళ్ళు తెచ్చుకుని టేబుల్ అంచున నా కొంగుకి తగిలేంత దగ్గరగా పెట్టి బెంచీ దగ్గరికి పరుగెత్తింది. తరగతిలో ఒక్కరూ నవ్వలేదు.

తిక్కపిల్ల. ఇంట్లో ఒక్క కంచంలో తిన్నంత చనువుగా ఉంటుంది, బడిలో ఏమొచ్చిందో.

ఆగస్టు 10, శుక్రవారం

పొద్దుగూకేముందు దేవమ్మ గారు వాకిట్లో బియ్యం ఏరుతూ కూర్చున్నారు. పక్కన కూర్చుని నిన్నటి సంగతి చెప్పాను, మనవరాలికి కాస్త చెప్పమని.

“అదేం చేస్తదే టీచరమ్మా? నువ్వు ఎవరి చేతిలోంచీ తీసుకోవని బడంతా తెలుసు గదా” అన్నారావిడ, చేటలోంచి తలెత్తకుండానే.

“నేనా?”

“నువ్వు గాక ఇంకెవరు? మావాళ్ళ పిల్లలైనా సరే, ఆసాముల పిల్లలైనా సరే. బంతి గానీ పలక గానీ బల్ల మీద పెడితేనే తీసుకుంటావంట గదా. ఈ పిల్లలంతా టీచరమ్మ ఆట ఆడుకుంటారు చర్చి వెనకాల, నువ్వు చూళ్ళా? టీచరమ్మ అయిన పిల్ల ఇటుకరాయి ముందు నిలబడి చేతులు వెనక్కి పెట్టుకుంటది. అందరూ వచ్చి ఇటుకరాయి మీద పెట్టి పోతా ఉంటారు. నేను చూసి నవ్వుకుంటా ఉంటా. అంత శుభ్రం మనిషి అనుకున్నా నేను కూడా.”

ఆవిడే మళ్ళీ అందుకున్నారు.

“ఆ సుగుణమ్మ గారైతే మొన్న జామకాయ తెచ్చేముందు కాలవలో రెండుసార్లు చేతులు కడుక్కుందంట. అయినా నువ్వు తీసుకుంటావో లేదోనని హడిలిపోయి బల్ల మీద పెట్టేసిందంట. మా కరుణమ్మే చెప్పింది.”

ఆగస్టు 11

లేదు. ఏమీ రాయను.

ఆగస్టు 12, ఆదివారం

ఆరాధనలో కూర్చున్నాను గానీ ఒక్క మాటా చెవిలో పడలేదు. నా చేతుల వంకే చూసుకుంటూ కూర్చున్నాను.

జూన్ నుంచి రాసినవన్నీ ఇప్పుడు వెనక్కి తిప్పి చదివాను. టేబుల్ మీద పెట్టాను. టేబుల్ మీంచి తీసుకున్నాను. ప్రతి రోజూ నేనే రాసుకున్నాను. నాకు కనపడనే లేదు.

నాకు ఆరేళ్ళప్పుడు గూడూరు కొట్లో అమ్మ ఉప్పు కొంటుంటే నేను బెల్లం ముక్కకోసం చెయ్యి చాపాను. కొట్లో అతను పైనుంచి వదిలాడు. నా చేతికి తగిలి దుమ్ములో పడింది. నేను వంగి తీసుకోబోతే అమ్మ నా రెక్క పట్టుకుని ఇంటికి లాక్కొచ్చింది. ఇంటికొచ్చాక కొట్టలేదు, తిట్టలేదు. నా చెయ్యి తన చేతిలో పెట్టుకుని చెప్పింది. “ఎప్పుడూ చెయ్యి చాపొద్దు తల్లీ. అక్కడ పెట్టమను. వాళ్ళు పక్కకి జరిగాక నువ్వు తీసుకో. నువ్వు ఇచ్చేది కూడా అక్కడే పెట్టు. అప్పుడు ఎవ్వరూ నీ మీద దేన్నీ పారెయ్యరు.”

అమ్మ నన్ను కాపాడింది. ఆ మాట నిజం, ఇప్పటికీ ఆ మాట మీద నాకు గౌరవమే. ట్రైనింగు స్కూల్లో గానీ, బస్సులో గానీ, హెడ్మాస్టరు గారి గదిలో గానీ నన్ను ఎవరూ అవమానించే అవకాశమే ఇవ్వలేదు నేను. కానీ ఆ పిల్లలు నన్నేం చేశారు? వాళ్ళు చెయ్యి చాపకముందే నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను. వాళ్ళలో ఎవరు నా చేతినుంచి తీసుకుంటారో ఎవరు తీసుకోరో నాకు నిజంగా తెలియదు. ఒక్కసారి కూడా అడగలేదు గదా. కాలవలో రెండుసార్లు చేతులు కడుక్కుని వచ్చిన పిల్లని పట్టుకుని ఏమేమి రాశాను.

సిగ్గుగా ఉంది.

ఆగస్టు 15, బుధవారం

జెండా ఎగరేశారు. సీతామహాలక్ష్మి గారు కుర్చీలో కూర్చున్నారు, తెల్లటి చీర, చేతికర్ర. హెడ్మాస్టరు గారు పిల్లలకి పిప్పరమెంటు బిళ్ళలు పంచమని పళ్ళెం టేబుల్ మీద పెట్టి చెప్పారు. ఇవాళ ఒక్కొక్కరి చేతిలో పెడదామని తెల్లవారుజామునే అనుకున్నాను. పళ్ళెం ఎత్తాను. పిల్లలు వరసలో నిలబడ్డారు. పెద్దావిడ నా వంకే చూస్తున్నారు, చూస్తున్నారో లేదో కూడా నాకు తెలియదు.

పళ్ళెం దించేశాను. “తీసుకోండర్రా, ఒక్కొక్కటే” అన్నాను.

సుగుణ తన బిళ్ళ తీసుకుని నా చేతుల వంక చూసి వెళ్ళింది.

ఆగస్టు 23, గురువారం

సాయంత్రం గట్టు మీద వస్తుంటే వెనకనుంచి సుగుణ పరుగెత్తుకొచ్చింది.

“టీచర్ గారండీ, ఒకటి అడగనాండి?”

“అడుగు.”

“మా చేతులు కంపు కొడతాయాండి?”

గట్టు మీద ఆగిపోయాను. “ఎవరన్నారు?”

“ఎవరూ అన్లేదండి. మా నాయనమ్మ అడిగిందండి, మీ టీచరమ్మ మిమ్మల్ని ఎందుకు ముట్టుకోదే అని. నాకు తెలీదన్నానండి. మా నాయనమ్మకి బోలెడంత కోపం వచ్చేసిందండి. మనల్ని ముట్టుకోని వాళ్ళు కూడా ఉన్నారంటే లోకం ఎక్కడికి పోతోందే అందండి.”

నాకు నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయాను. ఆ పిల్ల కూడా నవ్వింది, ఎందుకో తెలియకుండానే. నవ్వు ఆగాక అడిగాను, బడినుంచి ఇంటికెళ్ళాక ఏం చేస్తావని.

“వసారాలో బట్టలు మార్చుకుంటానండి. నాయనమ్మ నీళ్ళు చల్లుద్దండి. అప్పుడు లోపలికెళ్తానండి. అది మామూలేనండి.”

అది మామూలే. ఎండ కాస్తుంది, వాన పడుతుంది అన్నట్టే చెప్పింది. నా మొహం ఎలా మారిందో తెలియదు. ఆ పిల్ల నవ్వు ఆపేసింది.

“మీ చేతులు బాగానే ఉంటాయమ్మా. నాకే అలవాటు లేదు” అన్నాను.

“ఏం అలవాటు లేదండి?”

“చేతికి ఇవ్వడం. చేతినుంచి తీసుకోవడం.”

కాసేపు ఆలోచించింది. “అదెంతసేపండి, నేర్చుకుంటే వచ్చేస్తుంది గదా” అంది. మేం ‘పుట్’ నేర్చుకోలేదా అన్నట్టు చూసి, జడలు ఊపుకుంటూ వెళ్ళిపోయింది. ఇలాంటి పిల్ల నాకు కూతురైతే ఎంత బాగుండు.

సెప్టెంబరు 3, సోమవారం

పద్నాలుగో పాఠం మొదలుపెట్టాను. పిల్లలు ఒకరికొకరు ఇచ్చుకున్నారు. ‘ఐ యామ్ గివింగ్ ఇట్ టు హిమ్’, ‘హి ఈజ్ టేకింగ్ ఇట్ ఫ్రమ్ హర్’. తాళంచెవి చేతులు మారి మారి వేడెక్కింది. సందేహించినవాళ్ళు ఇద్దరే. వాళ్ళూ ఆటలో పడి మర్చిపోయారు.

నా ఒక్క చెయ్యే మిగిలింది. కరుణమ్మ చేతిలోంచి తీసుకున్నాను, అంతవరకూ అయింది. సుగుణని పిలవలేదు. టైము చాల్లేదు.

సెప్టెంబరు 7

టైము చాల్లేదు అని రాశాను గదా. చాలింది. ఇంకా పది నిమిషాలు ఉంది.

సెప్టెంబరు 11

రేపు. దేవమ్మ గారు ప్రార్థన చేశారు. నా జాకెట్టు చేతులు రెండు చోట్ల కుట్టాను.

సెప్టెంబరు 12, బుధవారం

ఉన్నది ఉన్నట్టు రాసుకోవాలి. చేసింది చెప్పాలి గదా.

డిప్యూటీ గారు సన్నగా, కళ్ళద్దాలతో, మాట తక్కువ మనిషి. గోడ వార కుర్చీలో కూర్చుని నోటుపుస్తకం తెరిచారు. పక్క బెంచీ మీద సీతామహాలక్ష్మి గారు. ద్వారం దగ్గర హెడ్మాస్టరు గారు, నాకంటే ఆయనే ఎక్కువ కంగారు పడుతున్నారు.

పాత పాఠాలు గబగబా సాగాయి. తాళంచెవి తీశాను. ముందు కరుణమ్మ. ఇచ్చింది, తీసుకున్నాను. తర్వాత సుగుణ మొహం చూశాను. లేచే నిలబడి ఉంది. ఈ పిల్లని నేనెప్పుడూ పిలవనక్కర్లేదు.

తాళంచెవి అరచేతిలో పెట్టుకుని చెయ్యి చాపాను. “టేక్ ఇట్ ఫ్రమ్ మి.” సుగుణ పరికిణీకి చెయ్యి తుడుచుకుంది, తీసుకుంది. ఆ చిన్న వేళ్ళు నా అరచేతికి తగిలాయి. అంతే. ఇంతకాలం దీనికోసమా భయపడ్డాను?

సంతోషంలో తర్వాతి మాట అనేశాను. “గివ్ ఇట్ టు హర్.” కరుణమ్మ వైపు చెయ్యి చూపించే ఉంటాను. సుగుణ అటు చూడనే లేదు. గిర్రున తిరిగి నాయనమ్మ దగ్గరికెళ్ళి ఆవిడ చేతిలో పెట్టింది. “ఐ యామ్ గివింగ్ ఇట్ టు హర్!” అల్లరో, ప్రేమో, రెండూనో. పెద్దావిడ మురిసిపోయి తాళంచెవి పట్టుకుని కూర్చున్నారు. డిప్యూటీ గారు కూడా నవ్వారు.

పాఠం ప్రకారం వస్తువు ఎవరి దగ్గరుంటే వాళ్ళని నేను అడగాలి. సుగుణని తెచ్చిపెట్టమంటే సరిపోయేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. పిల్లలు పద్దెనిమిది మందీ నా వంక చూస్తున్నారు. వాళ్ళ ముందు ఇంకోసారి చేతులు వెనక్కి పెట్టుకోలేను. వెళ్ళి ఆవిడ ఎదురుగా నిలబడ్డాను. చెయ్యి చాపాను.

“గివ్ ఇట్ టు మి, ప్లీజ్.”

భాష రాకపోయినా చాపిన చెయ్యి ఎవరికైనా అర్థమవుతుంది. ఆవిడ మొహం మీద నవ్వు అలాగే ఉంది. చెయ్యి మాత్రం పక్కకి వెళ్ళి తాళంచెవిని బెంచీ మీద పెట్టింది. టక్కుమని చిన్న చప్పుడు.

నేను అడగకుండానే తరగతి మొత్తం ఒక్క గొంతుతో చెప్పింది. “షి ఈజ్ పుటింగ్ ఇట్ ఆన్ ద బెంచ్.”

డిప్యూటీ గారి కలం ఆగింది. హెడ్మాస్టరు గారు దగ్గారు. పెద్దావిడ మనవరాలి వైపు తిరిగారు.

“ఏమంటున్నారే?”

“నువ్వు బల్ల మీద పెట్టావంటున్నారు నాయనమ్మా.”

“పెడితే?”

“పెడితే ఏం లేదు. మా బళ్ళో చేసింది చెప్పాలి, అంతే.”

ఆవిడ మీద నాకు కోపం రావాల్సింది. రాలేదు. ఆ చెయ్యి ఎలా కదిలిందో నేను చూశాను. దానంతట అదే కదిలింది, ఎవరినీ అడగకుండా, అచ్చం జూన్ నుంచీ నా చెయ్యి కదిలినట్టే. నా చేతికి ఒక భయం నేర్పారు, ఆవిడ చేతికి ఇంకేదో నేర్పారు. బాధ మాత్రం కలిగింది, దాచుకోవడం ఎందుకు. కానీ చెయ్యి వెనక్కి తియ్యలేదు. ఖాళీ చెయ్యి అందరి ముందూ అలాగే పట్టుకుని నిలబడ్డాను.

ఆవిడ నా చేతి వంక చూశారు. చాలాసేపు చూశారు. “నాకు ఇంగ్లీషు రాదు గదమ్మా” అన్నారు, చాలా మెల్లిగా.

“నేర్చుకుంటే వస్తుందండి” అన్నాను. తెలుగులోనే అన్నాను. పాఠం మధ్యలో తెలుగు కూడదని తెలిసీ అన్నాను.

సుగుణ బెంచీ మీంచి తాళంచెవి తీసింది. “ఐ యామ్ టేకింగ్ ఇట్ ఫ్రమ్ ద బెంచ్” అంది. నా అరచేతిలో పెట్టింది. పెట్టి ఊరుకోలేదు, నా వేళ్ళు ఒక్కొక్కటీ మడిచింది, మళ్ళీ ఎక్కడ జారిపోతుందోనని. “ఐ యామ్ గివింగ్ ఇట్ టు మై టీచర్.” మై అనే మాట ఇంకా నేను నేర్పనే లేదు. ఎక్కడ పట్టిందో.

ఇక నా వంతు. ‘ఐ యామ్ టేకింగ్ ఇట్ ఫ్రమ్ హర్’ అనాలి. పిల్లలే నా బదులు చెప్పారు.

డిప్యూటీ గారు పుస్తకంలో రాసింది హెడ్మాస్టరు గారు చదివి వినిపించారు. పాఠం చాలా బాగుంది. ఉపాధ్యాయినిని ఖాయం చేయవచ్చు. ఒక తెలుగు వాక్యం వాడారు, సరిదిద్దుకోవాలి. చదివాక ఆయన ఆ పుస్తకాన్ని టేబుల్ మీద పెట్టబోయి ఆగారు. రెండు చేతులతో పట్టుకుని నాకు అందించారు. మొహం మాత్రం కిటికీ వైపు తిప్పుకున్నారు. రెండు చేతులతోనే తీసుకున్నాను.

నాన్నకి ఉత్తరం రాయాలి. ఇవాళ చేతకాదు.

సెప్టెంబరు 15, శనివారం

సుగుణ మొన్నా నిన్నా ఇవాళా బడికి వచ్చింది. రాదేమోనని రెండు రాత్రులు భయపడ్డాను. నాయనమ్మ ఏమందని అడిగితే “ఏం అన్లేదండి, రెండు రోజుల్నించి మాటలు తక్కువయ్యాయండి” అంది. బట్టలు ఇంకా వసారాలోనే మార్చుకుంటోంది.

ఇవాళ ఒక్క పూటే బడి. పాఠం చెప్పలేదు. డబ్బా తెరిచి, ఒక్కొక్కరినీ పిలిచి ఒక్కొక్క వస్తువు చేతికి ఇచ్చాను, చేతినుంచి తీసుకున్నాను. మూడు నెలలుగా పేర్లు, మొహాలు, తప్పులు అన్నీ తెలిసిన పిల్లలే. చేతులు ఇవాళే తెలిశాయి. ఒకడికి అరచెయ్యి కాయలు కాసి ఉంది, వాడు పొద్దున్నే గడ్డి కోసి వస్తాడట. ఒకమ్మాయికి గోరుచుట్టు. ఒకడిది పొయ్యి దగ్గర నుంచి వచ్చినట్టు వేడిగా ఉంది, జ్వరమని అప్పటిదాకా ఎవరికీ తెలియదు, ఇంటికి పంపాను. ఇన్నాళ్ళూ చేతికి ఇస్తూ ఉంటే వీళ్ళ సంగతి నాకు ఎప్పుడో తెలిసేది. ఎంత పోగొట్టుకున్నాను!

పదిహేడు మంది అయ్యారు. ఆఖరున వెనక బెంచీ జనార్దనరావు వచ్చాడు. మొన్న డిప్యూటీ గారి ముందు అందరితోపాటు గట్టిగా చెప్పినవాడే. గాజు టేబుల్ మీద పెట్టాడు. పిల్లలు చెప్పబోతే ఆగమన్నాను. “గివ్ ఇట్ టు మి” అని చెయ్యి చాపి ఉంచాను. వాడు గాజు వంక చూశాడు, నా చేతి వంక చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. కోపమో, భయమో, వాడికే తెలియదేమో. ఇంతలో బెల్లు కొట్టారు. పలక చంకన పెట్టుకుని పరుగెత్తాడు.

నేను మాత్రం కాసేపు అలాగే నిలబడ్డాను. తర్వాత గాజు డబ్బాలో వేశాను.

సోమవారం మొదటి పీరియడు ఇంగ్లీషే. ముందు వాడినే పిలుస్తాను.